ఆ మెసేజ్‌లో కౌలు రైతు ఎక్కడ?

వారంలో నాలుగోసారి అదే మెసేజ్ వచ్చింది. ఈసారి పంపినవాడు కోవూరులో నాతో చదువుకున్న స్నేహితుడు. నాలుగెకరాల వరి మీద వాళ్ల నాన్న కట్టిన ఫీజులతో ఇంజినీరైనవాడు. అందుకే ఊరుకోలేకపోయాను.

మెసేజ్ సారాంశం ఇది. దేశంలో సగం మంది వ్యవసాయం మీద పడి ఆదాయంలో 18 శాతమే తెస్తున్నారు. పన్ను కట్టరు, సబ్సిడీలు తింటారు. ఉపాధి పనులతో కూలీలు సోమరులయ్యారు. చైనా, తైవాన్ పొలాలు వదిలి ఫ్యాక్టరీలు పెట్టుకుని బాగుపడ్డాయి. మనమూ వ్యవసాయానికి ఖర్చు ఆపితే పేదరికం దానంతట అదే పోతుంది.

18 శాతం అంకె సరైనదే. పనిచేసేవారిలో దాదాపు 46 శాతం మంది ఆ 18 శాతాన్ని పంచుకుంటున్నారంటే, పేదలు ఎక్కడున్నారో తెలిసిపోయినట్లే. వాళ్లున్న చోట ఆదాయం పెంచకుండా పేదరికం ఎలా తగ్గిస్తారు? వ్యవసాయం నుంచి వచ్చే వృద్ధి మిగతా రంగాల వృద్ధి కంటే కనీసం రెండింతలు పేదరికాన్ని తగ్గిస్తుందని ప్రపంచ బ్యాంకు 2008 నివేదికలోనే చెప్పింది. మాకైతే నివేదిక కూడా అక్కర్లేదు. ధాన్యం డబ్బు చేతికొచ్చిన ఏడాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట దుకాణాల్లో నిలబడటానికి చోటుండదు. రాని ఏడాది మా ఊరి దర్జీకి కూడా పని ఉండదు.

2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంగిపోతే వ్యవసాయం మాత్రం 3 శాతానికి పైగా పెరిగింది. చెన్నై, బెంగళూరు నుంచి తిరిగొచ్చిన పిల్లలకు అప్పుడు పని చూపించింది ఈ పొలాలే.

కూలీల సోమరితనం గురించి ఒక్క మాట చాలు. 1992లో దూబగుంటలో సారాను తరిమినవాళ్లు పొలం పనులకు వెళ్లే ఆడవాళ్లు. ఆ కదలిక నుంచే నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘాలు లేచాయి. ఏప్రిల్ ఎండలో చేలో నిలబడనివాళ్లకు వాళ్లను సోమరులనే హక్కు లేదు.

పన్ను విషయంలో మెసేజ్‌లో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. వ్యాపారంలో వచ్చిన డబ్బును పంట ఆదాయంగా చూపించి తప్పించుకునే పెద్దవాళ్లున్నారు. వాళ్ల మీద పన్ను వేయాల్సిందే. పురుగుమందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ కడుతున్న రైతును వాళ్లతో కలిపి తిట్టడం మాత్రం అన్యాయం.

ఇక చైనా, తైవాన్. మెసేజ్‌లో అన్నిటికంటే హాని చేసే అబద్ధం ఇదే, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతున్నారు. చైనాలో మార్పు పొలంలోనే మొదలైంది. 1978 డిసెంబరులో అన్హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు ఉమ్మడి భూమిని రహస్యంగా కుటుంబాలకు పంచుకున్నారు. దిగుబడి పెరిగింది, ప్రభుత్వం ఆ పద్ధతినే దేశమంతా అనుమతించింది. పల్లెల్లో ఫ్యాక్టరీలు ఆ తర్వాతే ఊపందుకున్నాయి. తైవాన్ 1949లో కౌలును పంటలో 37.5 శాతానికి మించకుండా కట్టడి చేసింది, 1953లో దున్నేవాడికే భూమి ఇచ్చింది. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలు దానికి చాలా ఏళ్ల తర్వాతి సంగతి. ఈ దేశాలను ఉదాహరణగా తెచ్చి వ్యవసాయానికి ఖర్చు ఆపమంటారా?

ఆ 37.5 శాతాన్ని మా ఊరి కళ్లంలో పెట్టి చూడండి. మా పక్క వీధిలో భర్త పోయిన ఒకామె మూడెకరాలు కౌలుకు చేస్తుంది. మన పుట్టి అంటే 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్ల చొప్పున తొమ్మిది పుట్లు పండాయి. అందులో సగం, నాలుగున్నర పుట్లు, కౌలుకే పోయాయి. 2024-25లో ఏ గ్రేడ్ ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. పుట్టికి అది 19,720 అవుతుంది. దళారి ఆమెకు 16,000 చెప్పాడు. రోడ్డు పక్కన పట్టల మీద రెండు రోజులు కాలితో తిప్పి ఎండబెట్టిన ధాన్యం అది. తేమ యంత్రం 16 శాతం చూపించింది, నిబంధన ప్రకారం 17 దాకా ఉండొచ్చు. అయినా పుట్టికి 50 కిలోలు తరుగు, అంటే తూకంలో కోత, అడిగాడు. "ఎండిందే కదా అన్నా, ఇంకా తరుగెందుకు?" అని ఆమె నా వైపు చూసి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తైవాన్ హద్దు ఇక్కడ ఉంటే ఆమెకు ఒక పుట్టి కంటే ఎక్కువే అదనంగా మిగిలేది. దళారి చెప్పిన ధరకే అయినా 18,000 రూపాయలు. మరి మెసేజ్ చెప్పే సబ్సిడీలు ఆమె ఎక్కడ తిన్నది? కేంద్రం ఏటా ఇచ్చే కిసాన్ సమ్మాన్ 6,000 భూమి పాసుపుస్తకంలో పేరున్నవాళ్లకు వెళ్తుంది. మన రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. ఆయన హైదరాబాదులో ఉంటాడు, పెట్టనన్నాడు. పత్రం లేదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఎరువు చల్లింది. మెసేజ్ రాసినవాడి కంటికి ఆమె దేశానికి భారం!

స్నేహితుడికి ఇదంతా ఫోనులో చెప్పాను. "నువ్వు మాత్రం నీ కొడుకును బెంగళూరు పంపలేదా?" అన్నాడు. పంపాను. సగం మంది ఎప్పటికీ పొలం మీదే బతకాలని నేనూ అనను. కానీ నా కొడుకు వెళ్లింది పంట మిగిలిన ఏడాది, చేతిలో డిగ్రీ పట్టుకుని. ఆమె కొడుకు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో ఉన్నాడు. ఫీజు గడువు పదిహేనో తేదీ. ధాన్యం ఇంకా పట్టల మీదే ఉంది.