'నిల్' అంటే నిజంగా నిల్లేనా?

మా బాబాయి బీపీ ఫైలు ఈమధ్య తిరగేశాను. పదేళ్ల కాగితాలు: ఈసీజీలు, ఎకో, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ అన్నీ ఉన్నాయి. యూరిన్ రిపోర్టులో 'అల్బుమిన్: నిల్' అని, అంటే ఆ ప్రోటీన్ మూత్రంలో పోవట్లేదని ఉంది కాబట్టి మూత్రం గురించి ఇంకెవరూ ఆలోచించలేదు. నా గొడవంతా ఆ 'నిల్'తోనే.

ఆ మాట చెప్పేది ఒక చిన్న పట్టీ. మూత్రంలో ముంచితే, ప్రోటీన్ ఉంటే పసుపు కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. కానీ ప్రోటీన్ బాగా పోతే తప్ప అది తేల్చి చెప్పలేదు. అసలు హెచ్చరిక అంతకంటే కిందే, మూత్రంలో ఉండే క్రియాటినిన్ అనే వ్యర్థం గ్రాముకు 30 నుంచి 300 మిల్లీగ్రాముల అల్బుమిన్ పోయే దశలోనే మొదలవుతుంది. దాన్ని పట్టుకునేది ఏసీఆర్, అంటే మూత్రంలో అల్బుమిన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి చూసే పరీక్ష, పొద్దున్నే పోసే మొదటి మూత్రం కొంచెం ఇస్తే చాలు. నేను చూసినంతలో షుగర్ ఉన్నవాళ్లకు దీన్ని రాస్తారు, ఒట్టి బీపీ వాళ్లను వదిలేస్తారు.

మూత్రానికీ గుండెకీ ఏం సంబంధం అంటారా? కిడ్నీలో వడపోసేవీ సన్నటి రక్తనాళాలే, వాటి గోడలు దెబ్బతిని అల్బుమిన్ జారుతోందంటే గుండెలో, మెదడులో నాళాలు మాత్రం భేషుగ్గా ఉన్నాయని ఎలా నమ్మాలి? బీపీతో గుండె కండరం మందమైనవాళ్ల మీద జరిగిన లైఫ్ అధ్యయనం ఇంకాస్త ముందుకెళ్లింది. అల్బుమిన్ పెరిగేకొద్దీ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతూనే పోయింది, 30 లోపు కూడా. చికిత్సతో అది తగ్గినవాళ్లలో ముప్పూ తగ్గింది.

అలాగని అంకె తగ్గించడమే వైద్యం కాదు. 2008 నాటి ఆన్‌టార్గెట్ అధ్యయనంలో రామిప్రిల్, టెల్మిసార్టాన్ అనే బీపీ మందులు రెండూ కలిపి ఇస్తే ప్రోటీన్ తగ్గింది గానీ కిడ్నీలకు కీడే ఎక్కువ జరిగింది. జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్, ముందురోజు గట్టి వ్యాయామం కూడా అంకెను పెంచేస్తాయి, అందుకే ఒక్క రిపోర్టు చూసి హడలిపోనక్కర్లేదు. ఇంకోటి, మన ఉద్దానంలో చాలామందికి ప్రోటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి, కాబట్టి ఏసీఆర్ బాగుందని రక్తంలో క్రియాటినిన్ పరీక్ష మానేస్తే అదీ తప్పే.

బాబాయికి పోయిన వారం చేయించాం. ఏసీఆర్ 86. డాక్టరు గారు మూడు నెలల్లోపు మళ్లీ చేయించమన్నారు. అదే మూత్రానికి చేసిన పట్టీ పరీక్షలో మాత్రం ఎప్పటిలాగే 'నిల్'.