కుంటుతున్న పిల్లికి పావు ముక్క పారాసిటమాల్ అంటున్న మెసేజ్‌కి జవాబు

వానలు మొదలయ్యాయంటే మా పర్లాకిమిడిలో ఒక మెసేజ్ మళ్లీ ఫోన్లెక్కుతుంది. పాతపట్నం వాళ్ల గ్రూపుల్లోంచి ఇటొస్తుంది, ఇక్కణ్నుంచి గుణుపురం, రాయగడ చుట్టాలకి వెళ్తుంది. అందులో ఉన్నదంతా ఇంతే: "మీ పిల్లి ఉన్నట్టుండి కుంటుతోందా? నడుము పడిపోయిందా? డాక్టర్లకి డబ్బులు తగలెయ్యకండి. పిల్లి ఎక్కణ్నుంచి పడినా కాళ్ల మీదే పడుతుంది. దాని ఎముక దానంతటదే అతుక్కుంటుంది. అరవడం లేదంటే నొప్పి లేనట్టే. పారాసిటమాల్ బిళ్ల పావు ముక్క పాలలో కలిపి పట్టండి, మూడు రోజులు పస్తుంచండి, పుత్తూరు కట్టులా వెదురు బద్దలు కట్టండి. నడుము పడిపోతే అది వాతం, వేడి కాపడం పెడితే లేస్తుంది. గాయానికి పసుపూ సున్నం. కరిస్తే భయం లేదు, పిల్లి కాటులో విషం ఉండదు." చివర, పది మందికి పంపి పుణ్యం కట్టుకోమని ఒక దండం.

రాసినవాళ్లు పిల్లుల మీద కోపంతో రాయలేదు, సరే. కానీ పిల్లి ఎందుకు కుంటుతోంది అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. కారణం తెలియకుండా వైద్యం చెప్పేశారు. మెసేజ్‌లో ఉన్న వరసలో కాకుండా, ముందు ప్రాణం తీసేవాటితో మొదలుపెడతాను.

"పారాసిటమాల్ పావు ముక్క." మనకి జ్వరమొచ్చినా ఒళ్లు నొప్పులొచ్చినా చేయి పోయేది ఆ బిళ్ల మీదికే. పిల్లికూనంత ప్రాణికి పావు ముక్క చాలదా అనిపించడం సహజం. అసలు ఇబ్బంది మోతాదులో కంటే పిల్లి కాలేయంలో ఉంది. మన కాలేయం ఈ మందుని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతకట్టి మూత్రంలోకి పంపేస్తుంది. ఆ జతకట్టే ఎంజైమ్ పిల్లిలో దాదాపు పనిచేయదు. బయటికి పోలేని మందు విషంగా మారి ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. వాటిలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారిపోతుంది. పిల్లి గాలి పీలుస్తూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు.

లెక్క కూడా చూద్దాం. 500 మిల్లీగ్రాముల బిళ్లలో పావు ముక్కంటే 125 మిల్లీగ్రాములు. మూడున్నర కిలోల పిల్లికి కిలోకి సుమారు 36 మిల్లీగ్రాములు పడుతుంది. పిల్లుల్లో కిలోకి 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు బురద రంగుకి, గోధుమ రంగుకి తిరుగుతాయి. మొహం, పాదాలు ఉబ్బుతాయి, చొంగ కారుతుంది, ఆయాసం వస్తుంది. ఇదంతా కొన్ని గంటల్లోనే. ఇప్పటికే పట్టేసి ఉంటే లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఎంత ఇచ్చారో, ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాసుకుని వెంటనే బయల్దేరండి. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్. పారాసిటమాల్ ఎక్కువ మింగిన మనుషులకి ఇచ్చేదీ అదే. కాబట్టి పశువుల డాక్టర్ దగ్గర లేకపోతే ఆయన చేతే చీటీ రాయించి పెద్ద మందుల షాపులో అడగండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా ఇంట్లోంచి తీసి ఇవ్వకూడదు. (డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకుండా మన దేశంలో 2006లోనే ఆపేశారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోవడం దానికి కారణం.) నొప్పి బామ్ కూడా వద్దు. పిల్లి దాన్ని నాకేస్తుంది, అందులోని కర్పూరం, మిథైల్ సాలిసిలేట్ కడుపులోకి పోతాయి. పిల్లికి నొప్పి మందు అసలు లేదని కాదు. మెలోక్సికామ్ లాంటివి ఉన్నాయి, కానీ డాక్టర్ బరువు తూచి చుక్కల లెక్కన ఇస్తారు.

"మూడు రోజులు పస్తు." లంఖణం పరమౌషధం అన్నది మనుషుల మాట. పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వుని అది సర్దుకోలేదు. రెండు మూడు రోజులు గడిచేసరికి కాలేయం లోపల కొవ్వు పేరుకుని కామెర్లలోకి దిగొచ్చు. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కాలు నొప్పితో వచ్చిన పిల్లిని కాలేయ రోగంతో పోగొట్టుకోవడమే అవుతుంది. మత్తిచ్చే ముందు కొన్ని గంటలు ఏమీ పెట్టొద్దని డాక్టర్ చెప్తే అది వేరు సంగతి. మామూలుగా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే అదే డాక్టర్‌ని కలవాల్సిన కారణం. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన చేప ముక్క కాస్త వెచ్చగా ముక్కు దగ్గర పెట్టి చూడండి. ఉల్లి, వెల్లుల్లి కూడా పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి.

"నడుము పడిపోతే వాతం, వేడి కాపడం." ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అన్నిటికంటే తక్కువ టైమ్ దొరికేది ఇక్కడే. రాత్రి దాకా గోడలెక్కిన పిల్లి పొద్దున్నే వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ, గుండె తరుక్కుపోయేలా అరుస్తూ కనిపిస్తుంది. ఎక్కడా దెబ్బ ఉండదు. పాము కరిచిందనో, ఎవరో కొట్టారనో, గాలి సోకిందనో అంటారు. వెనక పాదాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ముందు పాదాలు వెచ్చగా ఉండి వెనకవి చల్లగా ఉన్నాయా? అరికాలి మెత్తలు పాలిపోయాయా, నీలం తిరిగాయా? పిక్కల కండ గట్టిపడిందా? అలా ఉంటే చాలావరకు అది గుండె నుంచి వచ్చిన రక్తపు గడ్డ. గుండె కండరం మందమయ్యే జబ్బు పిల్లుల్లో మామూలే, బయటికి ఏమీ తెలియనివ్వదు. గుండెలో పుట్టిన గడ్డ కిందికి జారి, పెద్ద ధమని రెండు కాళ్లకీ చీలే చోట ఇరుక్కుంటుంది. కాళ్లకి రక్తం ఆగిపోతుంది. ఆ నొప్పి మామూలు నొప్పి కాదు. కాపడం పెడితే, స్పర్శ తెలియని ఆ కాలు కాలిపోతుంది. మర్దన వల్ల లాభం ఏమీ లేదు. గంటలు లెక్కబెట్టుకోవాల్సిన అత్యవసరం ఇది. దాచకుండా చెప్పాలంటే ఇందులో చాలా పిల్లులు బతకవు. కానీ బతికేవీ ఉంటాయి, బతకని వాటికైనా ఆ బాధ తగ్గించే ఇంజెక్షన్ ఇప్పించాలి కదా.

కాళ్లు వెచ్చగానే ఉండి నడక మాత్రం మారితే వెతకాల్సిన దారి మారుతుంది. వయసు మళ్లిన పిల్లి మునివేళ్ల మీద కాకుండా మడమలు నేలకానించి నడుస్తూ, నీళ్లు విపరీతంగా తాగుతుంటే షుగర్ చూపించాలి. ముద్దు కొద్దీ ఉత్త మెత్తటి మాంసమే పెట్టి పెంచిన కూన కుంటుతుంటే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడి ఉండొచ్చు. అలాంటి కాలు గట్టిగా పట్టుకున్నా విరుగుతుంది. ఇక వానాకాలం రాత్రి బయట తిరిగి వచ్చిన పిల్లి ఒళ్లంతా వాలిపోతూ, రెప్పలు ఎత్తలేక, ఊపిరి కష్టంగా తీస్తుంటే నాగుపాముని, కట్లపాముని అనుమానించాల్సిందే.

"ఎముక దానంతటదే అతుక్కుంటుంది." సగం నిజం ఇదే. పిల్లి ఎముక త్వరగా అతుక్కుంటుంది. తుంటి దగ్గర కొన్ని రకాల ఎముక విరుపులు, ఆపరేషన్ లేకుండా నాలుగైదు వారాలు చిన్న బోనులో కదలనివ్వకుండా ఉంచితే సర్దుకుంటాయి. కానీ ఏ విరుపు అలాంటిదో ఎక్స్‌రే చెప్పాలి. బయట తిరిగే గండుపిల్లి ఉన్నట్టుండి కుంటుతుంటే అసలు ఎముకే విరిగి ఉండకపోవచ్చు. మా వీధి టీకొట్టు పిల్లి అలాగే ముందు కాలు పైకెత్తుకుని తిరిగింది. బండి గుద్దిందని అందరం అనుకున్నాం. దగ్గరికి తీసుకుని చూస్తే భుజం కింద ఒక చోట బొచ్చు అట్టకట్టి, నాలుగైదు వెంట్రుకలు కలిసి నిలబడి ఉన్నాయి. దాని కింద ఆవగింజంత పొక్కు. చుట్టూ చర్మం వేడిగా, వేలితో తాకితే చీము కదులుతున్నట్టుగా ఉంది. ఇంకో పిల్లి కోర దిగిన చోటన్నమాట. కోర సన్నం, పైన చర్మం ఒక్క రోజులో మూసుకుపోతుంది, లోపల చీము రెండు నుంచి ఐదు రోజుల్లో పడుతుంది. డాక్టర్ దాన్ని తెరిచి కడిగి యాంటీబయాటిక్ ఇస్తారు. ఇంట్లో పిండడం వద్దు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది కాబట్టి జ్వరమే అనుకోవద్దు, పిల్లి మామూలు ఒంటివేడే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది.

అలాంటి కాలికి "వెదురు బద్దలు" కట్టారనుకోండి, చీము లోపలే ఉండి కండని తినేస్తుంది. నిజంగా విరిగినా సరే, కట్టు పనిచేయాలంటే విరిగిన చోటుకి పైనున్న కీలూ కిందున్న కీలూ రెండూ కదలకూడదు. తొడ ఎముకకి, ముందు కాలి పై ఎముకకి ఆ పని ఇంట్లో కుదరదు. బద్దల బరువు విరిగిన ముక్కని ఇంకా లాగుతుంది. కట్టు బిగిస్తే వేళ్లు ఉబ్బుతాయి, చల్లబడతాయి, చివరికి కాలే తీసెయ్యాల్సి రావచ్చు. పుత్తూరు కట్టు వేయించుకున్న మనిషి బిగుతుగా ఉంటే చెప్తాడు, పిల్లి చెప్పదు. దగ్గరలో డాక్టర్ దొరికే దాకా ఒక అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి, పక్కన గిన్నెలో ఇసుక పెట్టి, గెంతడానికి వీల్లేకుండా ఉంచితే చాలు. ఎత్తేటప్పుడు కాళ్లు పట్టుకుని లేపకుండా, ఒంటి కింద అట్ట జార్చి ఎత్తాలి.

"అరవడం లేదంటే నొప్పి లేనట్టే." పిల్లి వేటాడే జంతువే కానీ వేటకి బలయ్యేది కూడా. బలహీనత బయటపెట్టదు. అందుకే మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో పిల్లి మొహం చూసి నొప్పి కొలిచే పద్ధతి ఒకటి తెచ్చారు. అందులో చూసేవి ఐదు: చెవులు పక్కలకి తిరిగాయా, కళ్లు చికిలించిందా, మూతి బిగిసిందా, మీసాలు నిటారుగా ముందుకొచ్చాయా, తల భుజాల కంటే కిందికి వాలిందా. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి వేరు, కళ్లు సగం మూసి మంచం కింద మూలకి చేరిన పిల్లి వేరు. గుర్రుమంటోంది కాబట్టి హాయిగా ఉందనుకోవడానికీ లేదు, నొప్పిలోనూ గుర్రుమంటాయి. ముసలి పిల్లి అయితే అసలు కుంటకపోవచ్చు. గోడ ఎక్కడం మానేస్తుంది, వీపు నాక్కోవడం మానేస్తుంది. 12 ఏళ్లు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు పరిశీలించి 2002లో అచ్చయిన అధ్యయనంలో, వాటిలో 90 శాతానికి కీళ్ల అరుగుదల కనిపించింది. వయసైపోయిందిలే అని మనం వదిలేసేది చాలావరకు కీళ్ల నొప్పే.

"ఎక్కణ్నుంచి పడినా కాళ్ల మీదే." గాల్లో తిరగడం నిజం. దెబ్బ తగలదన్నది అబద్ధం. దీనికి ఆధారంగా అందరూ చెప్పేది న్యూయార్క్‌లో మేడల మీంచి పడిన 132 పిల్లుల మీద 1987లో వచ్చిన పరిశీలన. వాటిలో 90 శాతం బతికాయి. అయితే ఆ 132 ఆసుపత్రికి తెచ్చినవి. పడి అక్కడికక్కడే పోయినవాటిని ఆసుపత్రికి ఎవరు తెస్తారు? పాదాలు ముందు ఆనినా ఛాతీ, దవడ నేలకి కొట్టుకుంటాయి. కాబట్టి పెంకుటింటి మీంచి పడినా, డాబా మీంచి పడినా కాలు కంటే ముందు ఊపిరి చూడండి. గోళ్ల చివర్లు చీలి, అరిగి ఉంటే బండి తగిలిందని అనుమానించండి. తోక తాడులా వేలాడుతూ, ఒంటేలు పోయకపోతే తోక ఎక్కడో ఇరుక్కుని దాని మొదలు దగ్గర నరాలు తెగి ఉండొచ్చు. అది కూడా ఆగే పని కాదు.

"పసుపూ సున్నం" గురించి ఒక్క మాట: సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది, నాకితే నోటినీ కాల్చేస్తుంది. ఫినాయిల్, డెట్టాల్ కూడా పిల్లికి విషమే. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో తుడవండి.

"డాక్టర్లకి డబ్బులు తగలెయ్యకండి." మా వైపు అసలు కష్టం డబ్బు కంటే దూరం. పశువుల ఆసుపత్రిలో ఆవులూ మేకలే ఎక్కువ, పిల్లిని తెస్తే వింతగా చూస్తారు. అయినా సిగ్గుపడకుండా వెళ్లండి. 1962కి ఫోన్ చేస్తే ఒడిశా, ఆంధ్రా రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల వాళ్లు పలుకుతారు. పిల్లి కోసం బండి రాకపోయినా దగ్గర్లో ఎవరున్నారో అడగొచ్చు. ఆంధ్రా వైపు విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లినా ఎక్స్‌రే ఆ రోజు నడుస్తోందా అని ముందే కనుక్కోండి. బయల్దేరే ముందు ఇంట్లో అది నడిచే తీరు ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల మీద టెన్షన్‌కి పిల్లి బిగుసుకుపోతుంది, కుంటడం కనిపించదు.

ఇక "కరిస్తే భయం లేదు." రేబిస్ పిల్లి నుంచీ వస్తుంది. కారణం తెలియకుండా కాళ్లు పడిపోవడం, గొంతు మారడం, చొంగ కారడం ఆ జబ్బు లక్షణాలు కూడా. అలాంటి పిల్లిని ఒట్టి చేతులతో పట్టొద్దు, మందపాటి దుప్పటి కప్పి పట్టండి. కరిచినా రక్కినా ధారగా పోసిన నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా చేతికి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా దిగితే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, అది ఉందా అని అడిగి మరీ వేయించుకోండి.