మోతాదు పెంచడమంటే వ్యసనం ముదరడం కాదు
హెరాయిన్ వంటి మత్తుపదార్థాల వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్ మందును గర్భిణి వెంటనే మానేస్తేనే బిడ్డకు మేలని ఒక వ్యాసంలో చదివిన మాటతో నేను ఏకీభవించలేను. హఠాత్తుగా ఆపితే ఆమె మళ్లీ హెరాయిన్ వైపు మళ్లే ప్రమాదం ఎక్కువ కనుకనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్గదర్శకాలు గర్భకాలంలో మెథడోన్ లేదా అదే చికిత్సకు వాడే మరో మందు బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించమని సూచించాయి. నెలలు నిండేకొద్దీ శరీరం మెథడోన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది కాబట్టి మోతాదు పెంచడమో, రోజుకు రెండుసార్లుగా విభజించడమో అవసరం కావచ్చు. అందుకు తల్లిని నిందించడం అన్యాయం. పుట్టాక ఆ మందు అందడం ఆగిపోవడంతో శిశువులో వణుకు, ఆగని ఏడుపు కనిపించినా అవి చికిత్సకు లొంగేవే, పైగా వైద్యపరమైన అభ్యంతరం లేనప్పుడు చనుబాలు వాటిని తగ్గిస్తాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ప్రసవానంతర కాలం: నిద్రలేమి, కుంగుబాటు కమ్ముకునే ఆ నెలల్లోనే అందరి దృష్టీ బిడ్డ మీదికి మళ్లి, తల్లి చికిత్స చేజారుతుంది, ప్రాణాపాయం పెరుగుతుంది.