చర్మాలు అయిదు, నిమ్మకాయ ఒకటి

మనిషి ముఖానికి సమస్యలు వందల రకాలు ఉండొచ్చు గానీ, పరిష్కారం మాత్రం ఒక్కటేనని గృహ సౌందర్య శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. జిడ్డు కారుతోందా, నిమ్మరసం ఆ జిడ్డు తీసేస్తుంది. పొడిబారిందా, నిమ్మరసం మృతకణాలను ఊడ్చేస్తుంది. మొటిమలుంటే ఎండిపోతాయి, మచ్చలుంటే మాయమవుతాయి, ఏ లోపమూ లేకపోతే ఉన్న అందానికే నిగారింపు వస్తుంది. ఇన్ని శాఖలు ఒంటిచేత్తో నడిపే మంత్రి ఏ మంత్రివర్గంలోనూ కనపడడు. అలాంటి పండును చర్మవైద్యులు అనుమానంగా చూస్తున్నారంటే అది అసూయ కాక మరేమిటి? సొంత గిన్నెలో సొంత చేత్తో పిండుకునేవాళ్లు ఇక వాళ్ల గడప ఎందుకు తొక్కుతారు? (నిజానికి పిండుకున్నవాళ్లే తొక్కుతారు. ఆ సంగతి తర్వాత.)

ఈ శాస్త్రం అందరికీ ఒకే మందు ఇస్తుందని ఒక నింద ఉంది. పచ్చి అబద్ధం. చర్మం రకాన్ని బట్టి ఎంత జాగ్రత్తగా మార్పులు చేస్తారో చూడండి. జిడ్డు చర్మమైతే ముల్తానీ మట్టిలో చెంచాడు నిమ్మరసం. పొడి చర్మమైతే తేనెలో చెంచాడు నిమ్మరసం. మామూలు చర్మమైతే పెరుగులో చెంచాడు నిమ్మరసం, దానికి తోడు కమలా తొక్కల పొడి. మరి వేలు తగిలితే కందిపోయే సున్నితమైన చర్మం మాటేమిటి? అక్కడికొచ్చేసరికి శాస్త్రం ఒక్క క్షణం ఆగుతుంది, ఆలోచిస్తుంది, చెంచాడును అరచెంచాడు చేస్తుంది. ఇంతకు మించిన దయ ఏ వైద్యంలో ఉంది? పరివారం ఎంత మారినా సింహాసనం మీద కూర్చున్నవారు మాత్రం మారరు.

అన్నిటికన్నా చిక్కు కేసు మిశ్రమ చర్మానిది. నుదురు, ముక్కు జిడ్డు, బుగ్గలు పొడి. ఇక్కడ శాస్త్రం ముఖాన్ని రెండు రాష్ట్రాలుగా విడగొట్టి, రెండు గిన్నెలు కలపమంటుంది. నుదుటి నుంచి ముక్కు దాకా మట్టి ప్యాకు, అటూ ఇటూ తేనె ప్యాకు. కాగితం మీద సరిహద్దు బాగానే ఉంటుంది. ముఖం మీద మాత్రం తేనె ఒకచోట నిలవదు కదా. ముక్కు పక్క లోయలోంచి మెల్లగా జారి మట్టి ప్రాంతంలోకి చొరబడుతుంది, మట్టేమో ఎండి పెచ్చులుగా లేచి తేనెలో పడుతుంది. పది నిమిషాలకల్లా రెండు రాష్ట్రాలూ కలిసిపోయి గడ్డం దగ్గర సముద్రంలో కలుస్తాయి. రెండిట్లోనూ ఉన్నది నిమ్మరసమే కాబట్టి ఈ విలీనానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ప్యాకు ఆరుతున్నప్పటి గాంభీర్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పదిహేను నిమిషాల పాటు మనిషి నవ్వకూడదు, విసుక్కోకూడదు, నోరు తెరవకూడదు. ఎవరైనా పలకరిస్తే పెదవులు కదపకుండా ‘ఊఁ’, ‘ఊఁహూఁ’ అనే రెండు అక్షరాలతోనే సంసారం నడపాలి. అంతసేపు ఫోను పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, వెల్లకిలా పడుకుని, ఆ తర్వాత చన్నీళ్లతో ముఖం కడుక్కుంటే ఎవరి ముఖమైనా కాస్త తేటపడుతుంది. తేనె, పెరుగు తేమ పట్టి ఉంచుతాయి, మట్టి జిడ్డు పీలుస్తుంది, నిద్ర తన పని తను చేస్తుంది. ఇంతమంది చాకిరీ చేశాక వచ్చిన పేరంతా నిమ్మకాయ ఖాతాలో పడుతుంది. ఈ విషయంలో కూడా అది అచ్చం మంత్రిలాంటిదే.

ఇక మంట సంగతి. ప్యాకు వేసుకున్న నిమిషానికి బుగ్గ మీద చుర్రుమంటుంది. ‘మంట పుడుతోందంటే పనిచేస్తున్నట్టే’ అన్నది ఈ శాస్త్రంలో మూలసూత్రం. ఈ సూత్రాన్ని ఒప్పుకుంటే పొయ్యికన్నా గొప్ప సౌందర్య సాధనం ఇంకోటి లేదని కూడా ఒప్పుకోవాలి గానీ, తర్కాన్ని అంత దూరం లాగడం మర్యాద కాదు. ఇత్తడి చెంబుకు నిమ్మచెక్క రుద్దితే తళతళా మెరవడం లేదా, ముఖం మాత్రం ఎందుకు మెరవదని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. చెంబు మెరిసేది పైనున్న చిలుము పొర ఆమ్లంలో కరిగిపోవడం వల్ల. ముఖం మీద ఉన్న పైపొర చిలుము కాదు. దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు అటూ ఇటూ, బతికినంతకాలం మనకున్న గోడ అదే.

ఆ గోడకు స్వతహాగా కొంచెం పులుపు ఉంటుంది. 1928లో జర్మనీలో షాడే, మార్కియోనీని అనే ఇద్దరు దీన్ని ‘ఆమ్ల కవచం’ అన్నారు. దాని పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దాదాపు 5. నిమ్మరసానిది 2 నుంచి 2.5. రెండూ ఆమ్లాలే కాబట్టి చుట్టాలేనని వాదించొచ్చు. కాకపోతే ఈ కొలతలో ఒక్కో మెట్టుకు పది రెట్లు తేడా. అయిదు నుంచి రెండుకు దిగితే వెయ్యి రెట్లు. ఇలాంటి చుట్టాన్ని ముఖం మీద పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, పైగా పొడి చర్మానికి మంచిదని చెప్పడానికి గుండెధైర్యం కావాలి. క్రీముల తయారీదారులకు ఆ ధైర్యం లేదు. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను పరిశీలించే నిపుణుల బృందం, పండ్ల ఆమ్లాల జాతికే చెందిన గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలను ఇంట్లో వాడే సరుకులో పది శాతానికి మించి కలపొద్దని, పీహెచ్ 3.5 కన్నా దిగనివ్వొద్దని చెప్పింది. పాపం వాళ్లు ఆ గీత దగ్గరే ఆగిపోతారు. వంటింటి గిన్నెకు అలాంటి పిరికితనం లేదు.

‘అది కెమికల్ కదా, ఇది నేచురల్’ అని మీరు అనకముందే నేనే అనేస్తాను. సీసాలో కంపెనీ పోస్తే రసాయనం, గిన్నెలో మనం పిండితే ప్రకృతి. 1784లో షీలే అనే స్వీడన్ రసాయనవేత్త నిమ్మరసంలోంచే సిట్రిక్ ఆమ్లాన్ని స్ఫటికాలుగా విడదీసి చూపించాడు. అప్పటిదాకా ప్రకృతిగా ఉన్నది ఆ మధ్యాహ్నం నుంచి కెమికల్ అయిపోయింది. ముఖానికి మాత్రం ఈ తేడా ఎంత చెప్పినా అర్థం కాదు, రెండిటికీ ఒకేలా ఎర్రబడుతుంది.

వంటసోడా కలిపే శాఖ ఒకటి ఉంది. నిమ్మరసం పడగానే గిన్నెలో బుసబుసమని నురగ లేస్తుంది, చూసేవాళ్లకు శక్తి ఉప్పొంగుతున్నట్టే ఉంటుంది. అక్కడ జరిగేది ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకోవడం. కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోతుంది, గిన్నెలో సోడియం సిట్రేట్ అనే ఉప్పు, నీళ్లు మిగులుతాయి. కొలత సరిగ్గా కుదిరితే నిమ్మకాయ ప్యాకులన్నిటిలోకీ తక్కువ హాని చేసేది బహుశా ఇదే. కుదరక సోడా ఎక్కువైతే ముఖం ఈసారి రెండో వైపు నుంచి దెబ్బ తింటుంది.

విటమిన్ సీ పేరెత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే పండుకు అవమానం. వంద గ్రాముల నిమ్మరసంలో అది సుమారు 40 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 0.05 శాతం కూడా దాటదు. ముఖానికి రాసే విటమిన్ సీ సీరంలలో చాలావాటిలో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. తేడా రెండు వందల రెట్ల పైమాటే. భక్తి ఉంటే లెక్కలు అడ్డురావు, నిజమే. కానీ చరిత్ర అడ్డొస్తోంది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు సాలిస్‌బరీ అనే ఓడలో విటమిన్ సీ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో పడి ఉన్న 12 మంది నావికులను జంటలుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కో వైద్యం చేశాడు. ఒక జంటకు రోజూ తలా రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరు రోజులకే వాళ్లలో ఒకడు డ్యూటీకి లేచాడు. ఇంకో జంటకు నీళ్లు కలిపిన గంధకామ్లం చుక్కలు. పులుపే ముఖ్యమనుకునేవాళ్ల వాదానికి పాపం ఆ ఇద్దరూ సాక్షులు; వాళ్లకు గుణం కనపడలేదు. లిండ్ చేసిన ఘోరమైన పొరపాటు ఏమిటంటే, పండ్లను తినమన్నాడు. పన్నెండు మందిలో ఒక్కడి ముఖానికైనా పూసి చూడాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. చర్మానికి కావలసిన విటమిన్ సీ రక్తంలోంచి కూడా అందుతుందన్న దారుణమైన దుష్ప్రచారం అక్కడి నుంచే మొదలైంది.

ఇప్పుడు అసలు ఘట్టం. నిమ్మజాతి పండ్లలో సోరాలెన్ కుటుంబానికి చెందిన పదార్థాలుంటాయి. బెర్గప్టెన్ వాటిలో ఒకటి. గుండ్రటి చిన్న నిమ్మకాయలో ఇవి ఎక్కువ, రసంలోకన్నా తొక్కలో మరీ ఎక్కువ. నీడలో ఉన్నంతసేపు నోరు మెదపవు. ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలు సోకాయంటే చర్మ కణాల డీఎన్ఏకు అతుక్కుంటాయి. ఆ రోజు ఏమీ తెలియదు, ప్యాకు బ్రహ్మాండంగా కుదిరిందని నలుగురికీ చెప్పుకోవచ్చు. ఒక రోజు గడిచాక ఎర్రబడుతుంది, రెండు మూడు రోజులకు మంట, ఒక్కోసారి బొబ్బలు. అవి తగ్గాక గోధుమ రంగు మచ్చ మిగిలి వారాలు, నెలలు ఉండిపోతుంది. రసం దవడ మీంచి మెడకు ఏ దారిన కారిందో ఆ దారంతా, చుక్క ఆగిన చోట చుక్కగా, వేలు తుడిచిన చోట వేలిముద్రగా, పటం గీసినట్టు తేలుతుంది. ఒకప్పుడు బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపిన సెంటు మెడకు పూసుకున్నవాళ్లకూ ఇలాంటి చారలే పడేవి. సెంట్లవాళ్లు భయపడి బెర్గప్టెన్ తీసేసిన నూనెకు మారిపోయారు. మనం భయపడలేదు. కడిగేశాం కదా అంటాం, చర్మంలోకి ఇంకినది ఇంకినట్టే ఉన్నా. ఇంట్లోనే ఉన్నాం కదా అంటాం, కిటికీ అద్దం యూవీఏను పూర్తిగా ఆపకపోయినా.

చర్మం రకాల గురించి ఇంత మాట్లాడుకున్నాం కదా, ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇదే సోరాలెన్ జాతి మందును సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉన్నవాళ్లకు మింగించి, యూవీఏ దీపాల కింద నిలబెట్టే చికిత్స 1970లలో మొదలైంది. ఎవరికి ఎంత కాంతి ఇవ్వాలో తెలియక, మొదట జుట్టు రంగు, కళ్ల రంగు చూసి మోతాదు నిర్ణయిస్తే కొందరికి ఒళ్లు కమిలింది. దాంతో 1975లో హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ కొత్త విభజన తెచ్చాడు. జిడ్డా, పొడా అని కాదు, ‘ఎండలో మీ చర్మం కాలుతుందా, నల్లబడుతుందా’ అని అడిగాడు. తెల్ల చర్మాల కోసం మొదలుపెట్టిన ఆ వరసలో గోధుమ రంగు, నలుపు చర్మాలను తర్వాత చేర్చి మొత్తం ఆరు చేశారు. ముదురు రంగు చర్మానికి ఎరుపు అంతగా కనపడదు, మచ్చ మాత్రం గాఢంగా పడి చాలాకాలం పోదు. అంటే నిమ్మకాయతో నిజంగా సంబంధమున్న చర్మ విభజన ఒకటి తయారై ఉంది, అదీ నిమ్మకాయలో ఉన్న కుటుంబపు పదార్థం కోసమే తయారైంది. గృహ సౌందర్య శాస్త్రం మన ముక్కు మీద జిడ్డు అడుగుతుంది, బుగ్గ మీద పొడి అడుగుతుంది, ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడగదు. ఎండ సంగతి ఏదైనా ఉంటే చివరి వాక్యంలో, ‘వీలైతే రాత్రిపూట వేసుకోండి’ అని. ఎందుకో చెప్పరు. రాత్రి అందం పెరుగుతుంది కాబోలు అనుకుని మనం పగలే వేసుకుంటాం.

అయితే ఆర్థికంగా చూస్తే ఇదొక అద్భుతమైన ఏర్పాటు. మచ్చ పోవడానికి నిమ్మరసం, నిమ్మరసం వల్ల మచ్చ, ఆ మచ్చ పోవడానికి మళ్లీ నిమ్మరసం. కొరివితో తల గోక్కోవడమని కొందరు ఎద్దేవా చేస్తారు గానీ, తోటల వాళ్లు మాత్రం ఈ పద్ధతిని మనసారా దీవిస్తారు.

రసం వద్దనుకునేవాళ్లకు తొక్కల పొడి ఉంది. కమలా తొక్కలో సోరాలెన్ల గొడవ నిమ్మతొక్కలో ఉన్నంత లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తళుకు కోసం పండు మీద రాసిన మైనం, బూజు పట్టకుండా వేసిన ఇమజాలిల్ లాంటి మందులు ఉండేది తొక్క మీదే. తిని పారేసే వస్తువు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, మనం మాత్రం దాన్ని ఎండబెట్టి, దంచి, డబ్బాలో పోసి నెలల తరబడి దాచి, ముఖానికి రుద్దుతాం. తొక్క నూనెలోని లిమొనీన్‌కు గాలి తగిలే కొద్దీ అలర్జీ తెప్పించే పదార్థాలు పుడతాయి. డబ్బా మీద ‘వంద శాతం సహజం’ అని మనమే రాసి అంటించుకుంటే ఆ భయం కూడా ఉండదు.

అన్ని వంటకాల కిందా చిన్నగా ఒక షరతు ఉంటుంది: ముందుగా ముంజేతి లోపలివైపు రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడమని. సాయంత్రం ఫంక్షన్ పెట్టుకుని మధ్యాహ్నం నిమ్మకాయ కోసే మనిషికి ఒకటి రెండు రోజులు ఆగమనడం హాస్యం కాకపోతే ఏమిటి?

నా అభిప్రాయంలో ఈ శాస్త్రం ఇక ఆరో రకం చర్మాన్ని అధికారికంగా గుర్తించాలి: నిమ్మరసం రాసుకున్న చర్మం. ఎర్రగా ఉంటుంది, బిగుసుకుపోతుంది, సబ్బు తగిలితే మండుతుంది, ఏడిస్తే కన్నీళ్లకు కూడా మండుతుంది. గుర్తింపు రాకముందే దీనికి చిట్కా మాత్రం ప్రచారంలోకి వచ్చేసింది. కలబంద గుజ్జు రెండు చెంచాలు, చల్లటి పెరుగు ఒక చెంచా, కొంచెం తేనె, బాగా కలిపి, మచ్చ పడకుండా ఉండేందుకు చివర్లో రెండు చుక్కలు నిమ్మరసం.