పిలవని పేరంటానికొచ్చిన రోబో

డల్లాస్‌లో గురువారం రాత్రి పదయితే విజయవాడలో శుక్రవారం పొద్దున్న ఎనిమిదిన్నర. శ్రావణమాసానికి అమెరికావాళ్ళు గడియారం ఒక గంట ముందుకు జరుపుకుని ఉంటారు కాబట్టి తేడా పదిన్నర గంటలు. చలికాలంలో అయితే పదకొండున్నర. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి ఈ లెక్కంతా కంఠతా వచ్చు. ఆ శుక్రవారం ఏ శుక్రవారమో మాత్రం గుర్తులేదు. పడుకోబోతూ ఫోన్ తీసి, అమ్మకి నడుము వంచే పని తప్పిద్దామని, విజయవాడ ఇంట్లో నేల ఊడ్చి తుడిచే రోబో యాప్‌లో ‘ఫుల్ హౌస్, వాక్యూమ్ అండ్ మాప్’ నొక్కి, పుణ్యం మూటగట్టుకున్నానన్న తృప్తితో దుప్పటి ముసుగేశాడు.

ఇక్కడ హాల్లో వరలక్ష్మీ వ్రతం. పీట మీద కలశం, అటూ ఇటూ దీపపు కుందులు, ఎదురుగా జంపఖానా, దాని మీద పేరంటాళ్ళు. పక్కఫ్లాటు వదినగారు పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి పాదాలకీ రాసుకుంటూ వస్తున్నారు. సోఫా పక్కనుంచి టింగుమని చప్పుడై, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో శుభ్రం చేయడం మొదలుపెడుతున్నానని చెప్పింది.

“ఎవరో వచ్చినట్టున్నారు వదినా, రమ్మను, పసుపు రాసేస్తాను,” అన్నారావిడ తల ఎత్తకుండానే.

వచ్చింది అడుగున్నర కన్నా తక్కువ వెడల్పున్న గుండ్రటి బిళ్ళ. ఎత్తు పది సెంటీమీటర్లు. దాన్ని తిట్టేముందు అది లోకాన్ని ఎలా చూస్తుందో తెలుసుకోవాలి, లేకపోతే తిట్లు వృథా. నడినెత్తిన బొడిపెలా ఉండేది లైడార్. లోపల లేజర్ గిర్రున తిరుగుతూ గోడలూ కుర్చీకాళ్ళూ ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తుంది. కొలిచేది ఒకే ఎత్తులో, నేలకి సమాంతరంగా, కత్తితో కోసినట్టు ఒకే ఒక్క గీత. ఆ గీతకి పైనున్నదీ కిందనున్నదీ లైడార్ దృష్టిలో లేనట్టే. రెండంగుళాల ఎత్తు పీట దానికి కనపడదు. దీపపు కుందిలో దానికి కనపడేది సన్నటి కాడ ఒక్కటే. అడుగునున్న వెడల్పాటి పళ్ళెం కనపడదు. పైగా ఆ పళ్ళెం అంచు సెంటీమీటరు మందం. ఈ యంత్రాలు రెండు సెంటీమీటర్ల గడప దాకా ఎక్కేస్తాయి. కుంది పళ్ళెం కూడా దాని లెక్కలో గడపే.

ముందువైపు కెమెరా ఉంది కదా, అది చూసి తప్పుకోదా అంటారు. కెమెరా చూస్తుంది. కానీ అది గుర్తుపట్టేది తనకి ముందుగా నేర్పిన వస్తువుల్నే: చెప్పులు, మేజోళ్ళు, ఛార్జరు వైర్లు, కుక్క చేసిన ఘనకార్యం. కుందుల పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు. కుడివైపు కుంది ఎక్కబోతుంటే ఇంటి పెద్దావిడ ఎనభయ్యో పడిలో ఉండి కూడా చటుక్కున కుందిని పైకెత్తేశారు. ఆవిడ చేసింది చాలా సరైన పని. వెలుగుతున్న దీపం, నూనె, పట్టుచీరలు ఉన్న గదిలోకి ఈ బిళ్ళని అసలు రానివ్వకూడదు. ఇందులో హాస్యం ఏమీ లేదు.

ఆపడానికి నలుగురూ నాలుగు దారులు వెతికారు. ఒకరు “స్టాప్! స్టాప్!” అని కేకేశారు. టీవీ పక్కనున్న స్పీకరు తననే అనుకుని, అష్టోత్తరం మధ్యలో ఆపేసింది. ఇంకొకరు వైఫై రౌటరు స్విచ్ కట్టేశారు. దానివల్ల డల్లాస్‌తో సంబంధం తెగిందే గానీ రోబో ఆగలేదు. మొదలుపెట్టిన పని పూర్తి చేయడానికి దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, ఇంటి పటం దాని పొట్టలోనే ఉంటుంది. సరైన దారి దాని వీపు మీదే ఉంది. పెద్ద బొత్తాం ఒక్కసారి నొక్కితే ఆగుతుంది, ఇంటి బొమ్మ ఉన్న బొత్తాం నొక్కితే ఛార్జింగ్ పెట్టుకునే డాక్‌కి వెళ్ళిపోతుంది. ఏ బొత్తామూ దొరక్కపోతే రెండు చేతులా పైకెత్తేయాలి. చక్రాలు నేల వదలగానే మోటార్లు వాటంతటవే ఆగిపోతాయి.

ఈ మూడు దారులూ తెలిసిన మనిషి డల్లాస్‌లో గురక పెడుతున్నాడు.

రోబో జంపఖానా ఎక్కింది. తివాచీ తగిలితే పీల్చే జోరు పెంచడం దీని స్వభావం. కాబట్టి రొద రెట్టింపయింది, జంపఖానా కుచ్చులు రోలర్ బ్రష్‌లోకి చుట్టుకున్నాయి. కుచ్చులతోపాటు ఒక పేరంటాలి పైటకొంగు కూడా కాస్త వెళ్ళింది. బ్రష్ తిరగలేక మోటారు కరెంటు ఎక్కువ లాగేసరికి, కాలిపోకుండా తనే ఆగి, మెయిన్ బ్రష్ ఇరుక్కుందని ప్రకటించింది. ఇలాంటప్పుడు గుడ్డ పట్టుకుని లాగకూడదు. ముందు పవర్ ఆపాలి, బోర్లా తిప్పాలి, బ్రష్ మీది పట్టీకి రెండు వైపులా ఉన్న క్లిప్పులు నొక్కి పట్టీ తీయాలి, బ్రష్‌ని బయటికి తీసి వెనక్కి తిప్పుతూ గుడ్డ విడిపించాలి. అరనిమిషం పని. లాగితే పట్టు పోగు ఊడుతుంది, రోలర్ రబ్బరు చీలుతుంది, స్నేహం కూడా చెడుతుంది. లాగారు.

ఇంత జరిగినా దాని పవర్ ఆపలేదు, బ్రష్‌లోది లాగి తీసి కింద పెట్టారంతే. ఎవరిదో చెయ్యి బొత్తాం మీద పడింది. వదిలిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టింది.

ఇప్పుడు తడిగుడ్డ వంతు. రోబో వెనక అర్ధచంద్రాకారంలో మాప్ గుడ్డ ఉంటుంది, పైన పావులీటరు నీళ్ళ ట్యాంకు, ఒక చిన్న పంపు బొట్లుబొట్లుగా తడి అందిస్తుంటుంది. పేరంటాళ్ళు పసుపు పాదాలతో లేచి నిలబడ్డారు, పక్కకి తప్పుకున్నారు, వంటింటి గుమ్మం దాకా పరిగెత్తారు. రోబో ఆ అడుగుజాడలన్నిటినీ భక్తిగా అనుసరించింది. తడిలేని పసుపైతే పీల్చేసేది. నూనె కలిపిన తడి పసుపు గుడ్డకి అంటుకుని, గది ఈ చివరనుంచి ఆ చివరకి, మళ్ళీ ఒక జానెడు పక్కకి జరిగి వెనక్కి, కొలత తప్పకుండా చారలుగా పరుచుకుంది. తెల్లటి టైల్స్ మీద అంత పద్ధతిగా పసుపు రాయడం మనిషివల్ల కాదు.

“కడిగేద్దాం,” అని వంటింట్లోంచి ఒకావిడ గిన్నెలు తోమే సబ్బునీళ్ళు తెచ్చి కుమ్మరించారు. పసుపు చారలు ఎర్రబడ్డాయి. ఎవరో కెవ్వుమన్నారు. నిజానికి ఇది ఆ ఇంట్లో పొద్దున్నే జరిగిన విషయమే: పసుపులో సున్నం కలిపి పారాణి కలుపుకుంది వాళ్ళే. క్షారం తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది. సున్నమైనా, బట్టల సోడా అయినా, సబ్బయినా క్షారమే. నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుప్పచ్చన అవుతుంది. అయితే పాలరాయి నేల మీద నిమ్మరసం వేయకండి, మెరుపు పోతుంది. టైల్స్‌కి పసుపు పెద్దగా పట్టదు, వాటి మధ్య సందుల్లోని గ్రౌట్‌కి పడుతుంది. అది పోవాలంటే ఎండ తగలాలి. మాప్ గుడ్డనైతే ఉతికి డాబా మీద ఆరేస్తే నాలుగు ఎండలకి రంగు వెలుస్తుంది.

ట్యాంకు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు, ఇవి వ్రతంతో సంబంధం లేకపోయినా చాలా ఇళ్ళలో రోబోల్ని చంపుతున్న కారణాలు. అందులో ఫినాయిల్ పోయకూడదు. నురగా, నూనెదనం సన్నటి గొట్టాల్లో పేరుకుని పంపు మూసుకుపోతుంది. వేడినీళ్ళు పోయకూడదు. ఇక ఆర్వో మిషన్‌నుంచి పక్కకి పోయే నీళ్ళని బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి వాడే పొదుపరులు చాలామంది ఉన్నారు. చేత్తో తుడిచేటప్పుడు మంచి పనే. కానీ ఆ నీళ్ళలో మిషన్‌లోకి వెళ్ళిన నీళ్ళకన్నా లవణాలు ఎక్కువ. రోబో ట్యాంకులో పోస్తే తెల్లటి పొలుసు కట్టి పంపు పడకేస్తుంది. ముగ్గుపిండి పీల్చనిచ్చినా అంతే, ఆ మెత్తటి పొడి ఫిల్టరు రంధ్రాల్ని సిమెంటులా పూడ్చేస్తుంది. ఫిల్టరు కడిగితే పూర్తిగా ఒక రోజు ఆరనివ్వాలి, తడిది పెడితే కంపు కొడుతుంది.

నల్ల గ్రానైట్ గురించి కూడా ఇక్కడే చెప్పేయాలి. రోబో పొట్ట కింద ఉండే సెన్సర్లు నేలమీదకి పరారుణ కాంతి పంపి, అది తిరిగొస్తే నేల ఉంది, రాకపోతే మెట్టు దిగిపోయింది అనుకుంటాయి. నల్లటి రాయి ఆ కాంతిని మింగేస్తుంది. పూజగదికీ హాలుకీ మధ్య వేసిన నల్ల పట్టీ దాని దృష్టిలో పాతాళం. అంచుదాకా వచ్చి, వెనకడుగేసి, పక్కకి పోతుంది. ఆ సెన్సర్ల మీద తెల్ల కాగితం అంటిస్తే దాటుతుందని వీడియోల్లో చూపిస్తారు. దాటుతుంది. డూప్లెక్స్ ఇంట్లో అయితే మెట్లు కూడా దాటుతుంది, ఒకే ఒక్కసారి.

ఈ ఇంట్లో కాగితం అంటించలేదు. అందుకే పూజగదిలో ఉన్న నైవేద్యం దాకా పోలేదు.

రౌటరు మళ్ళీ వేశాక డల్లాస్‌లో ఫోన్ మోగింది. రోబో చిక్కుకుందన్న కబురు. కళ్ళు నలుపుకుంటూ అబ్బాయి యాప్‌లో కెమెరా తెరిచాడు. చీలమండల ఎత్తులో, పసుపు రాసిన పాదాలు, మట్టెలు, పారాణి. వెంటనే రోబో గట్టిగా, కెమెరా ద్వారా చూస్తున్నారని ప్రకటించింది. హాలంతా నిశ్శబ్దం.

“ఎవర్రా చూసేది?” అన్నారు పెద్దావిడ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

“నేనేనే నాయనమ్మా!” అంది రోబో, అబ్బాయి గొంతుతో.

పేరంటాళ్ళలో ఒకావిడ ఆ తర్వాత చాలాసేపు దానికి వీపు చూపించే కూర్చున్నారు. ఆవిడ అనుమానాన్ని చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. రూంబా అనే ఇలాంటి రోబోల్ని తయారుచేసే ఐరోబో కంపెనీ పరీక్షలకిచ్చిన రోబోలు 2020లో తీసిన ఫొటోలు, వాటిలోని వస్తువులకి పేర్లు రాసే కూలిపని చేసేవాళ్ళ చేతుల మీదుగా ఇంటర్నెట్‌కి ఎక్కాయని ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక 2022లో బయటపెట్టింది. అందులో మరుగుదొడ్డిలో కూర్చున్న స్త్రీ ఫొటో కూడా ఉంది. ఒప్పుకుని సంతకం పెట్టిన వాళ్ళ ఇళ్ళేనని కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నది ఫొటోలకి, ఊరేగింపుకి కాదు. 2024లో అమెరికాలో ఎకోవాక్స్ అనే కంపెనీ రోబోలు కొన్నిటిలోకి ఎవరో చొరబడితే, అవి ఇంటివాళ్ళ మీదకే బూతులు అరిచాయి. మనింటి పటం, మంచాలు ఎక్కడున్నాయో, ఏ గది ఎంత ఉందో, ఇవన్నీ చుట్టాలకన్నా దీనికి బాగా తెలుసు. ఇంటిపన్ను లెక్కగట్టే మనిషి టేపు పట్టుకొస్తే గుమ్మంలో నిలబెడతాం. దీనికి మాత్రం వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి పడగ్గదిలోకి పంపుతాం.

కొనేముందే అయితే కెమెరా లేకుండా లైడార్ మాత్రమే ఉన్నది ఎంచుకోవడం మేలు. వైర్లు తొక్కుతుంది, పరువు తొక్కదు. కొనేశాక అయితే యాప్‌లో రిమోట్ వీడియో ఆపేయాలి, లేదా కెమెరా మీద స్టిక్కరు అంటించాలి. స్టిక్కరుతో వస్తువుల్ని తప్పుకునే తెలివి పోతుంది, ఆ తెలివి ఎంతో చూశాం కదా. రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్, అంటే అతిథులకిచ్చే విడి వైఫై, పెట్టి దాన్ని అక్కడే ఉంచాలి. చాలా రోబోలకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఎక్కుతుంది, 5 గిగాహెర్ట్జ్ పేరు పెట్టి గంటసేపు కుస్తీ పట్టకండి. పటంలో పూజగది చుట్టూ ‘నో గో’ డబ్బా గీయాలి, హాల్లో ముగ్గు వేసే మూలకి కూడా. పండగపూట అన్నిటికన్నా నమ్మకమైన సెట్టింగు వేరే ఉంది: పవర్ ఆపేసి బీరువా మీద పెట్టేయడం.

పనావిడ పదింటికి వచ్చింది. ఎర్రచారలు చూసి, గుండ్రటి బిళ్ళ చూసి, చీపురు తీస్తూ అంది: “గుండ్రంగా ఉన్నది మూలలెలా ఊడుస్తుందమ్మగారూ?” ఇంజనీర్లు పక్కకి చాచే బ్రష్షులు పెట్టి ఏళ్ళ తరబడి జవాబు వెతుకుతున్న ప్రశ్న ఇది. ఆవిడ చెంబుడు నీళ్ళూ పాతగుడ్డా పెట్టి పావుగంటలో తేల్చేసింది.

మధ్యాహ్నం పేరంటాళ్ళలో ఒకరు ఫోన్ చేశారు, చెవి దిద్దు శీల పోయిందని. అప్పటికే రోబో డాక్‌కి చేరి, తన డబ్బాలోది రొదతో పెద్ద సంచిలోకి కక్కేసింది. ఆ సంచి మూడు లీటర్లది, చింపితే మళ్ళీ వాడటానికి లేదు. పేపరు పరిచి చింపారు. అక్షింతలు, వాయనంలోంచి జారిన శనగలు, తమలపాకు తొడిమలు, బోలెడు వెంట్రుకలు, ఒక తోరం ముక్క. జల్లిస్తే శీలలు రెండు దొరికాయి.

ఒకటి ఆవిడదే. రెండోదాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది పనావిడ. “సోఫా కింద ఉండిపోయిందేమో. పోయిన సంక్రాంతికి నన్నడిగారే అమ్మగారూ, అది ఇదేనా?”

ఆ సాయంత్రం వాయనంలో అందరికీ రవికగుడ్డ పెట్టారు. పనావిడకి చీర పెట్టారు.