భూమి ఒకటైతేనే

తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో 2³ అని ఉంటే కింది 2ని భూమి అంటారు, పైనున్న బుల్లి 3ని ఘాతాంకం అంటారు. ఈ పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ హైదరాబాద్‌లో ప్లాట్ కొని ఉంటాడని నా గట్టి నమ్మకం. కావాలంటే గుంటను చూడండి: 121 చదరపు గజాలు, అంటే 11².

మొన్న పరీక్షలో 2³ × 3² ఎంత అంటే మా మేనకోడలు 6⁵ అని రాసింది. రావలసింది 8 × 9, అంటే 72. ఆవిడగారు తెచ్చింది 7,776. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు గానీ, నాకు మాత్రం పిల్లలో మంచి రియల్టర్ కనిపించింది. పక్కవాడి భూమిని మన భూమిలో కలిపేసి, ఇద్దరి అంతస్తులూ కూడేస్తే విలువ అలాగే పెరుగుతుంది మరి. అదీ సరిగ్గా 108 రెట్లు. శుభసంఖ్య కూడా కుదిరింది.

న్యాయం ప్రకారం భూమి ఒకటైతేనే ఘాతాంకాలు కూడాలి: 2³ × 2⁴ = 2⁷. మా వీధి చివరి బిల్డర్‌కి ఇది కంఠతా వచ్చు. జీ ప్లస్ టూకి పర్మిషన్ తెచ్చుకుని, అదే భూమి మీద ఇంకో మూడు లేపాడు. అయితే గుణకారం ఉంటేనే కూడాలి, కూడిక ఉంటే కూడకూడదు. (2³ + 2⁴ అంటే ఉత్త 24.) జీవోలు రాసేవాళ్లే ఈ పాఠం కూడా రాసినట్టున్నారు.

ఘాతాంకానికి మైనస్ వస్తే సెల్లార్‌లోకి దిగాలి. 2⁻³ అంటే 1/8. సెల్లార్‌లో టిఫిన్ సెంటర్ పెట్టాక మన బండికి మిగిలే చోటూ దాదాపు అంతే.

2024లో అక్రమ కట్టడాలు కూల్చే హైడ్రా వచ్చాక మా కాలనీలో సున్నా మాటెత్తితే టెన్షన్. మూడంతస్తులు కట్టి మూడూ తీసేస్తే 2³ ÷ 2³, అంటే 2⁰. పిల్లలు జవాబు సున్నా అనేస్తారు. కాదు, 8ని 8తో భాగిస్తే 1.

"అన్నీ పోయాక ఆ ఒకటేంటి మామయ్యా?" అంది మేనకోడలు.

"బ్యాంకు ఈఎంఐ తల్లీ."

దీనికో షరతుంది: భూమి సున్నా కాకూడదు. అది సున్నా అయితే పైన ముప్ఫై వేసినా సున్నానే. ఇది చెప్తుండగానే బావకి ఫోనొచ్చింది. ప్రీలాంచ్ ఆఫరట, ముప్ఫై అంతస్తులట, భూమి త్వరలోనే కొంటారట. పిల్ల గబగబా 0³⁰ అని రాసి నోట్‌బుక్ వాళ్ల నాన్న ముందు పెట్టింది.

"ఒక్క నిమిషం అమ్మా," అని ఫోన్ మళ్లీ చెవిన పెట్టుకున్నాడు బావ. "ఈస్ట్ ఫేసింగ్ ఇంకా ఉన్నాయా అండీ?"