జేసీబీ దిగే ముందు ఒక్క గొట్టం మట్టి

2018 ఎండాకాలంలో నల్లగొండ దగ్గరి మా ఊరికి వెళ్లేసరికి చెరువు అడుగున మొరం తేలి ఉంది. శిఖమంతా, అంటే నీళ్లు నిలిచే నేలంతా, గీకేసినట్టు ఎర్రగా కనిపిస్తోంది. ట్రాక్టర్లు చివరి ట్రిప్పులు కొడుతున్నాయి. నేను తెచ్చిన కారు డిక్కీలో ప్లాస్టిక్ గొట్టాలు, సమ్మెట, టేపు ఉన్నాయి. ఆ చెరువు నడుమ మనిషి లోతు పూడిక ఉండేది. దాంట్లో గొట్టం దించి, మట్టిని పొర చెదరకుండా పైకి తీసి చదవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. నెల రోజులు ఆలస్యంగా వెళ్లాను. పూడిక తీయించింది ఎవరో కాదు, ఆ ఊళ్లో పుట్టి అమెరికా వచ్చినవాళ్లమే. చందాల జాబితాలో నా పేరూ ఉంది.

"మంచి పనే చేసిండ్రు గదా బిడ్డా, మొఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు కట్ట మీద మా పెద్దనాయన. నిజంగానే మంచి పని. చెల్కలో పూడిక పోస్తే భూమికి బలం వస్తుంది, వాన వెనక్కి పోయినప్పుడు తడి నాలుగు రోజులు ఎక్కువ నిలుస్తుంది. ఆయనకు ఏం చెప్పాలో ఆ రోజు తోచలేదు. ఇప్పుడు మన సంఘం పత్రికలో రాస్తున్నాను, ఎందుకంటే సొంతూరి చెరువుకు డబ్బు పంపేవాళ్లు దీన్ని చదువుతారు.

మట్టి పొరల్లో పాతకాలపు వాతావరణాన్ని వెతకడం నా వృత్తి. ముప్పై ఏళ్లయింది. వాన సంగతి తెలియాలంటే మబ్బు వంక చూడాలి గానీ మట్టిలో ఏముందని చాలామంది అడుగుతారు. కురిసిన వాన ఏదో ఒక గుర్తు పెట్టకుండా నేలలోంచి పోదు. మా వైపు బావి తవ్వుతుంటే రెండు మూడు అడుగుల కింద తెల్లటి సుద్ద గులకలు వస్తాయి. గోళీ అంత ఉంటాయి, చేత్తో రుద్దితే తెల్లపొడి అంటుతుంది, నిమ్మరసం చుక్క పడితే నురుగొస్తుంది. అరిజోనాలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు మొదట చూపించిన మట్టి గోడలోనూ అవే ఉన్నాయి. అక్కడ వాటిని 'కలీచీ' అంటారు. నాకు మాత్రం మా బావి గడ్డ గుర్తొచ్చింది.

వాన దండిగా పడేచోట సున్నం నీళ్లతో కొట్టుకుపోతుంది. మా వైపులాగా ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూఇటూగా పడేచోట నీరు కొంత లోతుకు దిగి, ఎండకు మళ్లీ ఆవిరైపోతుంది, సున్నం అక్కడే గడ్డకడుతుంది. అందుకే గులకలు ఏ లోతులో ఉన్నాయన్నది వాన ఎంత పడేదో చెబుతుంది. వాటిలోని కార్బన్‌ని తూస్తే ఆ నేల మీద అప్పట్లో చెట్లుండేవా, జొన్న జాతి గడ్డి ఉండేదా తెలుస్తుంది.

ఈ గులకలకు మా జిల్లా మనుషుల ఎముకలతోనూ సంబంధం ఉంది. మా గ్రానైట్ రాళ్లలోనే ఫ్లోరిన్ ఉంది. నీటిలో కాల్షియం ఉన్నంతసేపు అది ఫ్లోరైడ్‌గా అంతగా కరగలేదు. పొడి నేలలో కాల్షియం సుద్దగా మారి నీటిలోంచి తప్పుకుంటుంది, ఫ్లోరైడ్‌కు ఇక అడ్డుండదు. ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన కాళ్లతో గడప దగ్గర కూర్చున్న మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మేము. ఆ నీటి వెనక రాయి ఒక్కటే లేదు, వేల ఏళ్ల ఎండ కూడా ఉందని నాకు తెలిసేసరికి నలభై ఏళ్లు నిండాయి.

ఆ ఎండ ఎప్పుడు ముదిరింది? గోదావరి బంగాళాఖాతంలో కలిసేచోటికి ఎదురుగా, సముద్రం అడుగు నుంచి తీసిన మట్టిస్తంభాన్ని అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. నది మోసుకెళ్లిన ఆకుల మీది మైనాన్ని వాళ్లు చదివారు. సుమారు 4,000 ఏళ్ల కింద మొదలై 1,700 ఏళ్ల కిందటి వరకు దక్కన్‌లో ఎండను తట్టుకునే మొక్కలు మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అవే నిలిచిపోయాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ అంతకంటే కొంచెం ముందుది. పశువుల దొడ్లో పేరుకున్న పేడను మళ్లీమళ్లీ కాల్చగా ఏర్పడిన దిబ్బ అది. పొరల మధ్య పశువుల గిట్టల అచ్చులు అలాగే ఉన్నాయి. ఆ కాలపు దక్కన్ ఊళ్లలో దొరికిన గింజలు ఉలవలు, పెసలు, అండుకొర్రలు. అన్నీ తక్కువ నీటితో పండేవే.

కానీ సముద్రపు మట్టి చెప్పేది గోదావరి పరీవాహకం మొత్తానికి సగటు. నల్లగొండ, మహబూబ్‌నగర్ల సొంత లెక్క అందులో దొరకదు. మా వైపు సహజమైన సరస్సులు లేనట్టే. ఏటేటా ఒండ్రు ఒకదాని మీద ఒకటి పేరుకునే చోట్లు చెరువులొక్కటే. కందూరు చోడ రాజుల నాటి పానగల్లు ఉదయసముద్రం చెరువు మొదలుకొని పేరులేని కుంటల దాకా కట్ట వేసినవాళ్లు నీటితోపాటు వాన చరిత్రనూ దాచిపెట్టారు.

గొట్టాన్ని నిలువునా కోసి, సన్నటి తీగతో మట్టిని రెండు చెక్కలు చేసినప్పుడు కనిపించేది చెబుతాను. నిండుగా నీళ్లున్న ఏళ్ల మట్టి నల్లగా, మెత్తగా, కుళ్లు వాసనతో ఉంటుంది. పైన ఎక్కడో కట్ట తెగిన ఏడాది వేలెడు మందాన ఇసుక పడుతుంది. ఎండిపోయిన ఏళ్లలో నత్తగుల్లలు ఒక గీతలా పేరుకుంటాయి. పుప్పొడి చూస్తే చుట్టూ వరి ఉందా, తుమ్మ ఉందా తెలుస్తుంది. ఏ పొర ఏనాటిదో లెక్క కట్టేందుకు, కాలంతోపాటు ఒక లెక్కన తరిగిపోయే పదార్థాలున్నాయి: వందేళ్ల లోపు మట్టికి సీసం-210, అంతకంటే పాతదానికి కార్బన్-14. అణుపరీక్షల ధూళిలోని సీజియం 1963 ప్రాంతపు పొరను పట్టిస్తుంది.

తోటి శాస్త్రవేత్తలు ఒక అభ్యంతరం చెబుతారు. ఎండిన చెరువులో నెర్రెలు పడితే పైమట్టి కిందికి జారుతుంది, పశువులు తొక్కుతాయి, రైతులు ఏటా బండ్లతో కొంత తోలుకుపోతారు, కాబట్టి పొరలు నమ్మదగినవి కావంటారు. కొంతవరకు నిజమే. అందుకే తూము దగ్గర, చివరిదాకా తడి ఆరని లోతులోంచే తీయాలి. బండ్లతో తోలినప్పుడు ఆ లోతు మిగిలేది. జేసీబీ దిగితే ఏ మూలా మిగలదు.

దీనివల్ల రైతుకేం లాభమని అడగొచ్చు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్‌ని ముంచినప్పుడు, 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కగట్టి కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వచ్చింది. ఆ లెక్క తక్కువ ఏళ్ల కొలతల మీద కట్టింది. నది వెంబడి నీరు మందగించే వంకల్లో పాత వరదలు వదిలిన మెత్తటి ఒండ్రు ఉంటుంది, అది ఎంత ఎత్తున ఉందో చూస్తే ఎంత పెద్ద వరదలు వచ్చిపోయాయో తెలుస్తుంది. కరువుకూ అంతే. వరుసగా ఎన్నేళ్లు చెరువు నిండకుండా ఉండగలదో వందేళ్ల వానమాపకం చెప్పలేకపోతే కట్ట లోపలి మట్టినే అడగాలి.

అందుకని మన సంఘాన్ని నేను అడిగేది చిన్నది. చెరువు పనికి డబ్బు పంపేటప్పుడు ఒప్పందంలో ఒక్క మాట రాయించండి: యంత్రం దిగే ముందు తూము లోపలి లోతులోంచి గొట్టంతో మట్టి తీయాలి, పక్కనే రెండు గజాల మేర తవ్వకుండా వదలాలి. హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, ఉస్మానియాలో భూగర్భశాస్త్ర విభాగం ఉంది. వాళ్లకు ముందే కబురుపెట్టండి. బడి గదులకు పంపినంత ఇష్టంగా దీనికీ పంపండి. మన పిల్లల్లో ఎవరైనా నేల గురించి చదువుతానంటే, కంప్యూటరు వదిలి మట్టి పిసుక్కుంటావా అని దయచేసి అనకండి. నన్ను అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

మా ఊరికి రెండు మైళ్ల అవతల ఒక కుంట ఇంకా తవ్వలేదు. పోయిన నెల ఫోన్లో పెద్దనాయన అదే చెప్పాడు: "సర్పంచ్‌తోని మాట్లాడిన. నువ్వు వచ్చేదాంక జేసీబీ రాదు. నీ గొట్టాలు అటక మీదనే ఉన్నయ్." సంక్రాంతికి వెళ్తున్నాను.